పుస్తకం చింపనివ్వండి, తింటూ చదవనివ్వండి

రెండేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా వయసున్న పిల్లలు ఇంట్లో ఉన్నవాళ్ళ కోసం ఈ సలహాలు. బడిలో చెప్పే మాటలకు ఇవి చాలావరకు అడ్డంగా ఉంటాయి. మీ అత్తగారు వింటే ఒప్పుకోకపోవచ్చు. అయినా చేయండి. సాయంత్రం పూట మా వీధి పిల్లలను పోగేసి కథలు చదివి వినిపించడం నాకు చాలాకాలంగా అలవాటు. బొమ్మల పుస్తకం ఒళ్ళో పెడితే వద్దనే పసిపిల్లను నేనింతవరకు చూడలేదు. ఆ ఇష్టాన్ని పెద్దవాళ్ళు మంచి ఉద్దేశంతోనే పోగొట్టడం మాత్రం చాలా ఇళ్ళలో చూశాను. అందుకే ఇక్కడ చెప్పేవాటిలో ఎక్కువ భాగం మీరు మానేయాల్సిన పనులే.

బీరువా తాళం తీయండి

అద్దాల బీరువాలో వరసగా నిలబెట్టిన పుస్తకాలను చూసి చుట్టాలు మెచ్చుకుంటారు, పిల్లలు ముట్టుకోరు. పిల్లల పుస్తకాలు నేలకు దగ్గరగా ఉండాలి. మంచం పక్కన, వంటగట్టు కింది అరలో, కిటికీ దిమ్మె మీద, ఊయల బల్ల మీద, ఎక్కడ పిల్ల కూలబడుతుందో అక్కడ రెండేసి పడేసి ఉంచండి. సర్దకండి. సర్దిన పుస్తకాన్ని తీయాలంటే అడగాలేమో అని పిల్లలకు భయం. నేల మీద పడున్న దాన్ని అడగనక్కరలేదు.

చింపుతారు. చింపనివ్వండి. కాగితాన్ని ఎంత గట్టిగా లాగితే చిరుగుతుందో రెండేళ్ళ చేతికి తెలియదు, చింపాకే తెలుస్తుంది. మైదాపిండి ఉడికించి జిగురు చేసుకుని, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అతికించండి. తను అతికించిన పేజీ అంటే పిల్లకు ప్రత్యేకమైన మమకారం. చిరుగుతుందన్న భయంతో పుస్తకాన్ని అటక మీద దాస్తే అది ఎప్పటికీ కొత్తగానే ఉంటుంది, పిల్ల మాత్రం పెద్దదైపోతుంది.

కథల పుస్తకాలకు అట్టలు వేయకండి. బడి పుస్తకాలతో పాటు వీటికీ గోధుమరంగు కాగితం చుట్టి, పేరు చీటీ అంటించేసే ఇళ్ళున్నాయి. పిల్లను పుస్తకం దగ్గరికి పిలిచేది ముఖచిత్రం ఒక్కటే. వడ్డాది పాపయ్యగారు చందమామ పత్రికకు ముఖచిత్రాలు వేసింది గోధుమరంగు కాగితం కింద దాక్కోవడానికి కాదు.

ఇంకో మాట చెప్పడానికి జంకుతున్నాను గాని చెప్పక తప్పదు. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకోమని నేర్పడం మన ఇళ్ళలో ఉన్నదే, నేనూ అలాగే పెరిగాను. ఆ నేర్పడాన్ని నాలుగైదేళ్ళు వాయిదా వేయండి. పసిపిల్లలు పుస్తకం మీద కూర్చుంటారు, బొమ్మకారుకు వంతెన కడతారు, నెత్తిన పెట్టుకుని గొడుగంటారు. వాళ్ళ లోకంలో అన్నిటికంటే దగ్గరైనవి ఆటవస్తువులే. పుస్తకానికి ముందు ఆ చోటు దొరకనివ్వండి, పూజ తర్వాత చేయవచ్చు.

డబ్బు విషయం ఒక్క ముక్క. చిరిగినా బాధపడనంత చవకైనవే కొనండి. నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాల పుస్తకాలయం, ప్రథమ్ బుక్స్, సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం సంస్థ, వీళ్ళందరి దగ్గరా తెలుగులో పలుచటి బొమ్మల పుస్తకాలు దొరుకుతాయి. ప్రథమ్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఊరికే దించుకుని అచ్చు వేసుకోవచ్చు. ఆ కాగితాలను దారంతో కుట్టి ఇస్తే అదీ పుస్తకమే.

చదవడం వచ్చిన పిల్లకూ మీరే చదివి వినిపించండి

మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి పాటించండి.

ఒకటో తరగతో రెండో తరగతో గడిచేసరికి పిల్లకు కూడబలుక్కుని చదవడం వస్తుంది. సరిగ్గా ఆ రోజు నుంచి అమ్మానాన్నలు చదివి వినిపించడం మానేస్తారు. "ఇప్పుడు నీకు వచ్చుగా, నువ్వే చదువుకో" అంటారు. పిల్ల వైపు నుంచి చూడండి. నిన్నటిదాకా అమ్మ ఒళ్ళో కూర్చుని రాకుమారుడితో ఏడు సముద్రాలు దాటింది. అక్షరాలు నేర్చుకున్నందుకు ఒళ్ళు పోయింది, గొంతు పోయింది, సముద్రాలూ పోయాయి. మిగిలింది "ఈ ఇల్లు నాది", "అది ఆవు". చదవడం నేర్చుకోవడం వల్ల నష్టమే జరిగిందని ఆ పిల్ల అనుకుంటే తప్పెవరిది?

తెలుగు లిపిలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. అక్షరాలు వచ్చాక గుణింతాలు, గుణింతాలు వచ్చాక ఒత్తులు. మ, య దగ్గర తడబాటు. ప, వ దగ్గర తడబాటు. "స్వాతంత్ర్యం" అన్న మాటలో ఒక అక్షరం కింద రెండు ఒత్తులు. ఇవన్నీ కంటికి అలవాటు కావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఆ మూడు నాలుగేళ్ళూ పిల్ల చెవికి అందే కథ చాలా పెద్దది, కంటికి అందే కథ చాలా చిన్నది. ఏడేళ్ళ పిల్ల భేతాళ కథ వింటే ఆసాంతం అర్థం చేసుకుంటుంది, పాత్రల తప్పొప్పుల మీద వాదిస్తుంది కూడా. తనంతట తను చదవమంటే మొదటి పేరా దాటదు. ఈ తేడా ఉన్నన్నాళ్ళూ చదవాల్సింది మీరు. తేడా పోయాక కూడా చదవండి. పదేళ్ళ పిల్లలు సిగ్గుపడుతూనే వచ్చి పక్కన కూర్చుంటారు.

చదివేటప్పుడు గొంతు మార్చాలా, నటించాలా అని అడుగుతారు. అక్కరలేదు. మీకు వచ్చినట్టు చదవండి. పుస్తకంలో "వెళ్ళాడు" అని ఉంటే మీ ఇంట్లో "పోయిండు" అంటారా, "పోయిండు" అనే చదవండి. "ఎల్లినాడు" అంటారా, అలాగే చదవండి. అచ్చులో ఉన్నది తప్పకుండా పలకాలన్న నియమం పసిపిల్లల దగ్గర పెట్టుకోవద్దు. తన ఇంటి మాట పుస్తకంలోంచి వినబడితే పుస్తకం తనదనుకుంటుంది. జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని గిడుగు రామమూర్తిగారు జీవితమంతా పోరాడారు. ఆయన గెలిచాక కూడా మన పిల్లల పుస్తకాల్లో చాలా భాగం ఒకే ప్రాంతపు మాటలో ఉంటోంది. ఆ లోటు తీర్చడానికి ప్రభుత్వం అక్కరలేదు, మీ నోరు చాలు. పిల్లలు కాస్త పెద్దయ్యాక నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు మాటలో రాసిన సినబ్బ కతలు, ఖదీర్‌బాబు నెల్లూరు దర్గామిట్ట కతలు ఏరి చదవండి. పిల్లలు చేసే అల్లరిని ఇంత ప్రేమగా రాసినవాళ్ళు తక్కువ.

తాతయ్య, నానమ్మ దూరంగా ఉంటే ఫోనులో చదవమనండి. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న మనవరాలికి వారాంతపు తెలుగు తరగతి కంటే వీడియో కాల్‌లో తాతయ్య రోజూ చదివే పది నిమిషాల కథ ఎక్కువ తెలుగు నేర్పుతుంది. పుస్తకం ఒక ప్రతి ఇక్కడ, ఒక ప్రతి అక్కడ ఉండాలి. అక్కడ పిల్ల తనే పేజీ తిప్పుకోవాలి.

కొత్త పుస్తకం కొనకండి, పాతదే మళ్ళీ చదవండి

"మళ్ళీ" అంటారు పిల్లలు. చదవగానే మళ్ళీ. రేపు మళ్ళీ. మీకు విసుగు పుడుతుంది, రకరకాల పుస్తకాలు చదివితేనే తెలివి పెరుగుతుందని ఎవరో చెప్పి ఉంటారు కూడా. వినకండి. 2011లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు మూడేళ్ళ పిల్లల్లో కొందరికి అవే కథలు పదేపదే చదివారు, కొందరికి వేర్వేరు కథలు చదివారు. కొత్త మాటలు రెండు గుంపుల చెవినా అన్నేసి సార్లే పడ్డాయి. వాటిని గుర్తుపెట్టుకున్నది మాత్రం అవే కథలు విన్న పిల్లలు. కథ ఎటు పోతుందో ముందే తెలిస్తే మాట మీద చెవి నిలుస్తుంది.

పిల్ల పుస్తకం తలకిందులుగా పట్టుకుని, కంఠతా వచ్చిన కథ గడగడా అప్పజెబుతూ "చదువుతున్నా" అంటుంది. "అది చదవడం కాదమ్మా" అని సరిచేయకండి. అది చదవడమే. పేజీ తిప్పాల్సిన చోట తిప్పుతోందంటే ఏ మాట ఏ బొమ్మ దగ్గర ఉందో తెలుసన్నమాట.

సరిచేయడం గురించే ఇంకొకటి. బొమ్మలో ఏనుగుంది, కింద "గజరాజు" అని ఉంది, పిల్ల "ఏనుగు" అని చదివింది. వదిలేయండి. "శ" ను "స" అంటే వదిలేయండి. ఒక వాక్యంలో మూడుసార్లు ఆపితే పిల్ల చూపు పుస్తకం మీంచి మీ మొహం మీదికి వస్తుంది. ఆ తర్వాత చదివేది కథ కోసం కాదు, మీరు ఎప్పుడు ఆపుతారో చూడడం కోసం.

నీతి అడగకండి, ప్రశ్నలు వేయకండి

కథ అయిపోగానే "ఇందులో నీతి ఏమిటి?" అని అడగడం మనకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. అడగకండి. "కుందేలు ఏ రంగులో ఉంది?" అనీ అడగకండి. మనం నవల చదివి ముగించగానే ఎవరైనా వచ్చి పరీక్ష పెడితే రెండో నవల ముట్టుకుంటామా?

చందమామలో భేతాళుడు ప్రతి కథ చివరా ప్రశ్న అడిగేవాడు గదా అంటారు. నిజమే. అయితే అడిగింది కథలో ఉన్న విక్రమార్కుణ్ణి, జవాబు చెప్పిందీ విక్రమార్కుడే. చదివే పిల్ల భుజాన ఏ బరువూ లేదు. రాజు చెప్పిన జవాబు తప్పనిపిస్తే తప్పని తీర్పు చెప్పే హక్కు కూడా పిల్లదే. అడిగే పని కథకు వదిలేయాలి. మీరు కథ ముగించి మౌనంగా ఉండండి. కొంతసేపటికి పిల్లే అడుగుతుంది: "అమ్మమ్మా, ఆ రాక్షసుడికి అమ్మ లేదా?" దానికి జవాబు మీ దగ్గర లేకపోతే లేదనండి.

ఇంకో అడుగు ముందుకేసి చెబుతాను. పిల్లల కోసమని నీతిని దట్టించి రాసిన పుస్తకాలు ఇంట్లోకి రానివ్వకండి. పళ్ళు తోముకోవడం మంచిదని చెప్పడానికి కుందేలు, అబద్ధం ఆడకూడదని చెప్పడానికి నక్క, అటువంటివి. మంచి బుద్ధులు మీరు బతికి చూపించండి. కథ కథలాగే ఉండాలి. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామను నడిపారు. అన్నేళ్ళపాటు ఆ పత్రికలో వాక్యం తేటగా సాగిపోయేది, ఉపదేశం కథ నెత్తికెక్కేది కాదు. పాత సంచికలు ఎవరింట్లోనైనా దొరికితే తెచ్చుకోండి.

బహుమతి ఇవ్వకండి

వేసవిలో ఇన్ని పుస్తకాలు చదివితే సైకిలు, ఈ కథ చదివితే చాక్లెట్టు. పెద్ద తప్పు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం శిశుపాఠశాలలో చేసి 1973లో అచ్చు వేసిన పరిశోధన ఒకటుంది. రంగు పెన్నులతో బొమ్మలు వేయడం ఇష్టమైన పిల్లల్లో కొందరికి, వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న పత్రం ఇస్తామని ముందే చెప్పారు. వాళ్ళు వేశారు, పత్రం అందుకున్నారు. కొన్ని రోజుల తర్వాత ఎవరూ ఏమీ చెప్పకుండా పెన్నులు బల్ల మీద ఉంచితే, పత్రం ఆశ చూపిన పిల్లలే వాటిని తక్కువగా ముట్టుకున్నారు. ఏ ఆశా చూపని పిల్లలు ఎప్పటిలాగే వేసుకుంటున్నారు. ఇష్టమైన పనికి కూలి ఇస్తే అది కూలిపని అవుతుంది. ఎన్ని పుస్తకాలు చదివారో గోడ మీద పట్టిక కూడా వద్దు. లెక్క పెడితే పిల్లలు పలుచటి పుస్తకాలు వెతుకుతారు.

మంచి చోట ఆపేయండి

అయిదేళ్ళు దాటిన పిల్లలకు పెద్ద కథ మొదలుపెట్టండి. గుహలో అడుగుల చప్పుడు వినబడుతుంది, తలుపు తెరుచుకుంటుంది, అక్కడ ఆపేయండి. పుస్తకాన్ని తెరిచే బోర్లించి వంటింట్లోకి వెళ్ళిపోండి. ఏడ్చినా రేపే. ఇది కాస్త క్రూరంగానే ఉంటుంది, కానీ చదవడానికి ఇంతకంటే బలమైన కారణం పిల్లకు మీరు ఇవ్వలేరు. దాసరి సుబ్రహ్మణ్యం చందమామలో తోకచుక్క, మకరదేవత వంటి ధారావాహికలతో లక్షణంగా చేసిన పని ఇదే. నెలంతా ఆగాల్సి వచ్చేది. తర్వాతి సంచిక పోస్టులో వస్తే అన్నాచెల్లెళ్ళు లాక్కునేవారు. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథల్లోనూ ఉన్నది ఆ కిటుకే. కాశీకి నడిచే యతితో పశువుల కాపరి కుర్రాడు కథల ఆశ మీదే బయలుదేరతాడు, మజిలీకో కథ దొరుకుతుంది.

నాలుగేళ్ళ లోపు పిల్లలకు మాత్రం ఇలా చేయకండి. వాళ్ళకు కథ ముగియాలి, రాకుమారుడు ఇంటికి చేరాలి, అప్పుడే నిద్ర.

తిండి దగ్గర, చీకట్లో, హోంవర్కు ఎగ్గొట్టి

తింటూ చదివితే తిన్నది ఒంటబట్టదంటారు. పప్పు మరక పడిన పేజీలున్న పుస్తకాన్ని పిల్ల ఎన్నిసార్లు తెరిచిందో చూస్తే ఆ మాట నమ్మబుద్ధి కాదు. తింటూ చదవనివ్వండి. కథ మంచి పట్టులో ఉండగా హోంవర్కు గుర్తుచేయకండి. టీచరు అడిగితే కథ చదువుకుంటున్నాడండీ, నేనే వద్దన్నానని చీటీ రాసి పంపండి. ఏడేళ్ళవాడు దుప్పట్లో టార్చిలైటు పెట్టుకుని చదువుతుంటే తలుపు సందులోంచి చూసి వెళ్ళిపోండి. చూసినట్టు తెలియనివ్వకండి. ఎవరికీ తెలియకుండా చేసే పనిలో ఉన్న రుచి చెప్పి చేయించే పనిలో రాదు.

ఏది చదివినా సరే. పకోడీల పొట్లం కాగితం, బిస్కెట్టు అట్ట, ఆర్టీసీ బస్సు బోర్డు, సినిమా పోస్టరు, పెళ్ళి శుభలేఖ, పంచాంగం. తెలుగు అక్షరం బడిలో కంటే వీధిలో పెద్దగా, రంగుల్లో ఉంటుంది. దెయ్యాల కథలు, మంత్రగాళ్ళ కథలు, బొమ్మల కథలు మంచివి కావని తీసేయకండి. తన వయసుకు పెద్దదైన పుస్తకం పట్టుకుంటే లాక్కోకండి, అర్థం కానిది తనే వదిలేస్తుంది.

మీరు పుస్తకం చదువుకుంటున్నప్పుడు పిల్ల పిలిస్తే వెంటనే లేవకండి. "ఈ పేజీ అయ్యాక వస్తా" అనండి. అమ్మను తన దగ్గర్నుంచి కాసేపు లాగేసుకోగల వస్తువేమిటో పిల్లకు తెలియాలి.

గ్రంథాలయానికి తీసుకెళ్ళి, మీరు బయట నిలబడండి

1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘం పెట్టుకున్న జాతి మనది. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918 నుంచి ఉంది. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా ఆగుతూ వెళ్ళేవారు. ఇప్పుడు మన ఊళ్ళలో శాఖా గ్రంథాలయానికి వెళ్తే ఉద్యోగ పరీక్షలకు చదువుకునే యువకులతో బల్లలన్నీ నిండి ఉంటాయి. పాపం వాళ్ళకు ఇంకెక్కడ చోటుంది. పిల్లల పుస్తకాలు మాత్రం చాలాచోట్ల ఒక మూల బీరువాలో, తాళం వేసి ఉంటాయి. సిగ్గుపడకుండా తాళంచెవి అడగండి. ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను మనమే కడుతున్నాం. వారం వారం వెళ్ళి అడగండి. పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళండి, పిల్లే అడిగితే ఇంకా మంచిది.

పుస్తకం ఎంచుకునేటప్పుడు మీరు నోరు మెదపకండి. నలిగిపోయిన, బొమ్మల్లేని, మీకు ఏమాత్రం నచ్చని పుస్తకం తెస్తుంది. తేనివ్వండి. రెండు పేజీలు చదివి పారేస్తే పారేయనివ్వండి. నచ్చని పుస్తకాన్ని మధ్యలో వదిలేయడం చదివేవాళ్ళందరూ చేసే పనే. మొదలుపెట్టింది పూర్తి చేయాలన్న పట్టుదల కూరలు తరిగే దగ్గర చూపించమనండి.

గుజరాత్‌లో గిజుభాయి బధేకా అని గొప్ప ఉపాధ్యాయుడుండేవారు. ఆయన దివాస్వప్న తెలుగులో పగటికలగా వచ్చింది. అందులో నాలుగో తరగతికి వచ్చిన కొత్త పంతులు పాఠాలు పక్కన పెట్టి కథలతో మొదలుపెడతాడు, తరగతికి ఒక గ్రంథాలయం కూడబెడతాడు. టీచర్లెవరైనా ఇది చదువుతుంటే ఆ పుస్తకం ముందు తెచ్చుకోండి. మీ తరగతిలో రోజూ ఆఖరి పిరియడు కథకు ఇచ్చేయండి, సిలబసు ఆగితే ఆగనివ్వండి.

ఇంతా చేసినా చదవకపోతే

ఇదే ఎక్కువమంది అడుగుతారు. "మావాడికి ఎనిమిదొచ్చాయండీ, పుస్తకం చూస్తేనే పారిపోతాడు." ముందు కళ్ళు చూపించండి. బోర్డు మీది అక్షరాలు, పుస్తకంలో అక్షరాలు మసకగా కనిపిస్తున్నా పిల్లలు చెప్పరు, అందరికీ అలాగే ఉంటుందనుకుంటారు. కళ్ళు బాగుండి కూడా అక్షరాలు తారుమారవుతుంటే, చదివిన లైనే మళ్ళీ మళ్ళీ చదువుతుంటే, తెలివైన పిల్లాడై ఉండీ రాతలో మాటలు ఎగిరిపోతుంటే, డిస్లెక్సియా ఉందేమో పిల్లల మనస్తత్వ నిపుణుల దగ్గర పరీక్ష చేయించండి. బద్ధకమని కొట్టకండి. అలాంటి పిల్లలకు కథ మీద ఆకలి అందరిలాగే ఉంటుంది, దారి మాత్రం చెవి. వాళ్ళకు ఇంకా ఎక్కువసేపు చదివి వినిపించండి.

ఏ ఇబ్బందీ లేకుండా, ఊరికే ఇష్టం లేని పిల్లలూ ఉంటారు. ఆ పిల్లాడికి క్రికెట్ ఇష్టమా, వానపాములు ఇష్టమా, లారీలు ఇష్టమా కనుక్కోండి. వాటి మీద పుస్తకం దొరికితే తెచ్చి పడేయండి, చూడమని చెప్పకండి. దొరకకపోతే లారీ వెనక రాసినవి ఇద్దరూ కలిసి చదవండి. ముట్టుకోకపోతే నెల తర్వాత ఇంకోటి. మధ్యలో మీరు చేయాల్సింది పడుకునే ముందు ఒక కథ చదవడం. వాడు వినకుండా బంతి ఎగరేస్తున్నా ఆపకండి, మీ మానాన మీరు చివరిదాకా చదవండి.